కోడ్ వచ్చింది... తర్వాత?

పెదపాడులో మా బాబాయి కారుకి ఇంజిన్ లైటు వెలిగింది. ఆక్సిజన్ సెన్సర్ మార్చాలని ఎవరో చెప్పారట. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి బ్లూటూత్ అడాప్టర్ తగిలించి, ఫోన్లో యాప్ తెరిచా. పీ0171 కోడ్. అంటే ఇంజిన్‌కి అందే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. సెన్సర్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా అనలేదు! లైవ్ డేటా చూస్తే ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ 20 శాతం పైనే ఉంది. 2500 ఆర్‌పీఎంకి తెస్తే బాగా తగ్గింది. గాలి ఎక్కడో దొడ్డిదారిన దూరుతోందన్నమాట. వెతికితే పగిలిన వాక్యూమ్ గొట్టం దొరికింది.

సర్వీస్ ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ‘కోడ్ వస్తే ఏం చేస్తావ్?’ అంటే ‘పార్టు మారుస్తా’ అనేయకండి. ఇలా కారణం దాకా ఎలా వెళ్తారో చెప్పండి.

నేర్చుకోవడానికి ఈఎల్ఎం327 రకం అడాప్టర్ చాలు. కోడ్ చదవడం, చెరపడం చాలా యాప్‌లు చేస్తాయి. లైవ్ డేటా, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపిస్తుందా అన్నదే చూసుకోండి. టార్క్, కార్ స్కానర్ లాంటివి చూపిస్తాయి. ఐఫోన్ అయితే వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ అడాప్టరే కొనాలి. భారత్‌లో ఓబీడీ-2 తప్పనిసరైంది 2013లో బీఎస్-4 కార్లకి. అంతకన్నా పాత బండైతే ముందే ఆరా తీయండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ సంగతి అడిగితే చవక అడాప్టర్లు చాలాసార్లు నోరు విప్పవు. అక్కడ కంపెనీ స్కానరో, లాంచ్, ఆటెల్ లాంటివో కావాలి.

కోడ్ చెరిపే ముందు మాత్రం ఫ్రీజ్ ఫ్రేమ్‌ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. చెరిపితే అదీ పోతుంది. మొదట్లో నేనూ అలాగే పోగొట్టుకున్నా.