శీతాకాలంలో ఇంటి వెలుతురు (ఉత్తర ఐరోపా)

భూమధ్యరేఖకు చాలా దూరంగా ఉన్న ఉత్తర ఐరోపా దేశాలలో శీతాకాలమందు పగటి నిడివి మిక్కిలి తగ్గిపోతుంది. డిసెంబరు మూడవ వారంలో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలుండగా, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో సుమారు 6 గంటలే. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుండి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. అందువలన అక్కడ ఇంటి వెలుతురు కేవలం అలంకారం కాదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

వెలుతురును లక్స్ అనే ప్రమాణంతో కొలుస్తారు. మబ్బు పట్టిన పగటివేళ సైతం ఆరుబయట సాధారణంగా వెయ్యి లక్స్‌కు మించి ఉంటుంది. దీపాలు వెలిగించిన గదిలో అది 100 నుండి 300 వరకే. (కన్ను సర్దుకొనుట చేత ఈ తేడా మనకు అంతగా తెలియదు.) పగటి వెలుతురు తగ్గే ఋతువులో కొందరిని ఏటేటా ఆవరించే విషాదాన్ని 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు అమెరికాలో ఒక రుగ్మతగా వర్ణించారు. దీనికి ఉదయాన్నే 10,000 లక్స్ దీపం ఎదుట సుమారు అరగంట కూర్చోవడం ఒక చికిత్స. దీపాన్ని తదేకంగా చూడరాదు. కంటి జబ్బులు, ఉన్మాద లక్షణాలు గలవారు ముందుగా వైద్యుని సంప్రదించవలెను. మామూలు బల్బులు ఎన్ని వెలిగించినా ఈ స్థాయి రావడం కష్టం.

ఇతర అవసరాలకు మాత్రం దీపం ఉండే చోటు ముఖ్యం. బల్బు నుండి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగవ వంతుకు పడిపోతుంది. కనుక ఇంటికప్పుకు ఒకే పెద్ద దీపం కంటె చదువుకునే బల్ల, వంటగట్టుల వద్ద వేరువేరు దీపాలు మేలు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే సుమారు 800 ల్యూమెన్ల వెలుగును ఎల్‌ఇడి బల్బు 8, 9 వాట్లతోనే ఇస్తుంది. రాత్రి నిద్రకు ముందు 2,700 కెల్విన్ల పసుపు ఛాయ దీపాలను, అవి కూడా మందంగా, వాడుకోవడం మంచిది.