ముత్తాత పత్రంలో ఆచంద్రార్కం, పాపం

గుడియాత్తంలో గంగమ్మ సిరసు పండగ అయిన వారం, మన తెలుగు కుటుంబాల్లోని ఒక అబ్బాయి వేలూరులో మా ఇంటికి వచ్చాడు. చేతిలో వాళ్ళ ముత్తాత రాయించిన పత్రం ఉంది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ, చదవడం తాతతోనే పోయింది. రోడ్డు పక్క బావినీ దాని చుట్టూ ఉన్న కొద్ది జాగానూ బాటసారుల దాహం తీర్చడానికి వదిలినట్టు అందులో రాసి ఉంది. బావి ఎండి చాలా ఏళ్ళయింది. జాగాకు మాత్రం ఇప్పుడు మంచి ధర పలుకుతోంది.

"మామా, ఈ రెండు చోట్లా ఏముంది?" అని వేలు పెట్టి చూపించాడు. ఒకటి ఆచంద్రార్కం. రెండోది చివరి వరుస. ఈ ధర్మాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని ఉంది. గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి వరుసలు దాటేసి, సర్వే నంబరూ ఎల్లలూ మాత్రం చూసేవాళ్ళం. ఆ రోజు ఆగాల్సి వచ్చింది.

ఆచంద్రార్కం అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం. ముత్తాత సొంతంగా కల్పించిన మాట కాదు. సుమారు 2,250 ఏళ్ళ కిందటి అశోకుడి స్తంభ శాసనంలోనే, కొడుకులూ మునిమనవళ్ళూ ఉన్నంతకాలం, సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇది నిలవాలన్న కోరిక కనిపిస్తుంది. మనకు కళ్ళారా తెలిసే కాలం తాత నుంచి మనవడి దాకానే. అంతకన్నా పొడుగు కాలం చెప్పాలంటే ఆకాశం వైపు చూపించాల్సిందే. శాశ్వతమన్న ఊహను ఉపనిషత్తులు ఎంతో లోతుకు తీసుకెళ్ళాయి, కాదనం. పొలం గట్టు మీదికీ గుడి గోడ మీదికీ మాత్రం అది ఇంకో అవసరం వల్ల వచ్చిందని మా అభిప్రాయం. ఇచ్చినవాడు పోయాక కూడా ఇచ్చిన మాట నిలవాలి.

నిలబెట్టేదెవరు? రాజూ పోతాడు, కరణమూ పోతాడు. మన వేలూరు లింగమ నాయకుడి కోరిక మీద 1601లో వేంకటపతి రాయలు విళాపాక గ్రామాన్ని దానమిచ్చిన రాగిరేకులు ఉన్నాయి. ఆ కాలపు దానశాసనాల చివర మామూలుగా వచ్చే శ్లోకాలు కొన్ని ఉన్నాయి. తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా, దానభూమిని లాక్కున్నవాడు 60,000 ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని ఒక శ్లోకం. ఇంకా పుట్టనివాడి మీద తలారిని పంపలేరు కదా, అందుకే పాపాన్ని కాపలా పెట్టారు. మనవాళ్ళొక్కరే కాదు, 3,000 ఏళ్ళకు ముందే బాబిలోనియాలో భూదానపు రాళ్ళ మీద, చెరిపినవాడికి దేవతల శాపం తగలాలని చెక్కారు. ఆ రాళ్ళ పైభాగంలోనూ సూర్యుడు, చంద్రుడు ఉంటారు, మన దానశాసనాల మీద ఉన్నట్టే.

ఇంకా వెనక్కి వెళ్తే పాపం తాడులా, అప్పులా కనిపిస్తుంది. ఋగ్వేదం 7వ మండలంలో వసిష్ఠుడు వరుణుణ్ణి వేడుకుంటూ, తాను చేసిన తప్పులనే కాక తండ్రుల నుంచి వచ్చిన తప్పులను కూడా విప్పెయ్యమంటాడు. తండ్రి అప్పు కొడుకు మీద పడినట్టే. జర్మను భాషలో అప్పుకూ అపరాధానికీ నేటికీ ఒకే మాట. అప్పు ఉన్నచోట లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట గుమాస్తా ఉంటాడు. కాంచీపురంలో చిత్రగుప్తుడికి గుడే ఉంది, చేతిలో గంటం, తాటాకు. మా ఉద్యోగం వాడికి గుడి కట్టిన ఊరు పక్కనే ఉందని చిన్న గర్వం.

దీనికి తోడు మన ఇళ్ళలో రోజూ వినే పాపం ఇంకొకటుంది. దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసి "అయ్యో పాపం" అంటాం. పక్కింటి తమిళ అమ్మ "పావం" అంటుంది. వాడేమీ తప్పు చెయ్యలేదు. అయినా తప్పుకూ జాలికీ రెండు భాషల్లోనూ ఒకే మాట. ఎదుటివాడి బాధ చూసినప్పుడు లోపల కలుక్కుమనేదే పాపభీతికి మొదలేమో అని మాకు చాలాసార్లు అనిపించింది. లెక్కా, శాపమూ ఆ తర్వాత వచ్చి ఉంటాయి.

ఇవన్నీ విని అబ్బాయి, "కోట గుడి కూడా శాశ్వతమనే కట్టారు కదా మామా?" అన్నాడు. నిజమే. జలకంఠేశ్వరుడి గుడి తరతరాలు మూలమూర్తి లేక ఖాళీగా ఉంది. 1981 మార్చిలో మళ్ళీ లింగాన్ని ప్రతిష్ఠించేటప్పుడు మేము చూస్తూనే ఉన్నాం. సూర్యచంద్రులు ఎక్కడికీ పోలేదు, గుడిలో దీపమే ఆగింది. మళ్ళీ వెలిగించినవాళ్ళను ఏ శాసనమూ బలవంతపెట్టలేదు.

"అయితే అమ్మొచ్చా?" అన్నాడు. చట్టం సంగతి వకీలును అడగమన్నాం. శాపాలు చెప్పే ఆ శ్లోకాల పక్కనే, తాను ఇచ్చినదానికన్నా ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యమని ఉండే శ్లోకమూ చెప్పాం. ఆ జాగా ఎదురుగా ఇప్పుడు బస్సు ఆగుతుందట. ఎండాకాలం అక్కడ నీళ్ళు దొరకవని అతనే అన్నాడు.

జిరాక్సు తీసుకుని, అసలు పత్రం మా దగ్గరే మరిచిపోయి వెళ్ళాడు. అతనింకా అడగలేదు. మేమూ ఫోన్ చెయ్యలేదు.