కథల డాక్టరు, నిజం డాక్టరు

మొన్న వేసవిలో ప్లెయిన్స్‌బరోలోని ఒక మిత్రుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. ప్రసాదం చేతిలో ఉండగానే, కాలేజీలో రెండో ఏడు చదువుతున్న ఆ ఇంటి అబ్బాయి మమ్మల్ని పక్క గదిలోకి పిలిచాడు. ఒక పాత పుస్తకం చూపించి, “అంకుల్, ఇందులో చెప్పినట్టు చేస్తే మనసులో భయాలు పోతాయట, నిజమేనా?” అన్నాడు. అది ఎల్. రాన్ హబ్బర్డ్ రాసిన ‘డయనెటిక్స్’. చదివి చెబుతామని మాట ఇచ్చాం.

తీరా చూస్తే ఇదంతా మన న్యూజెర్సీ కథే! మన ఊరి నుంచి టర్న్‌పైక్ మీద ఉత్తరానికి పోతే ఎలిజబెత్, దక్షిణానికి పోతే క్యామ్‌డెన్. ఆ రెండు ఊళ్ళలోనే దీని మొదటి అధ్యాయాలు నడిచాయి.

హబ్బర్డ్ గారు మొదట కథకులు. ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ అనే పత్రికలో 1947 నుంచి 1950 వరకు మారుపేరుతో ఒక కథామాలిక రాశారు. అందులో నాయకుడు వందల ఏళ్ళు బతికిన డాక్టరు. నక్షత్రాల మధ్య తిరుగుతూ వైద్యం చేస్తుంటాడు. అదే పత్రికలో 1950 మే సంచికలో డయనెటిక్స్ వ్యాసం వచ్చింది. ఈసారి కథ అనలేదు, శాస్త్రం అన్నారు. అదే నెలలో పుస్తకమూ వెలువడింది. ఎలిజబెత్‌లో సంస్థ వెలిసింది.

పాత దెబ్బల ముద్రలు మనసులో దాగి జబ్బులు తెస్తాయనీ, ఒకరు ఎదుట కూర్చుని అడుగుతుంటే వాటిని తలచుకుని చెరిపేసుకోవచ్చుననీ ఆ పుస్తకం సారాంశం. అన్నీ చెరిగినవారికి సంపూర్ణ జ్ఞాపకశక్తి వస్తుందన్నారు. 1950 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ సభలో అలాంటి వ్యక్తి అంటూ ఒక యువతిని చూపించారు. హబ్బర్డ్ గారు వెనక్కి తిరిగితే, ఆయన టై రంగేమిటో ఆమె చెప్పలేకపోయింది.

సంస్థలో వైద్య విభాగం చూసిన డాక్టర్ జోసెఫ్ వింటర్ ఆ ఏడాదే తప్పుకుని, 1951లో తన అభ్యంతరాలను పుస్తకంగా రాశారు. లైసెన్సు లేకుండా వైద్యం నేర్పుతున్నారని న్యూజెర్సీ వైద్య మండలి 1951 జనవరిలో కోర్టుకెక్కింది. 1953 డిసెంబరులో క్యామ్‌డెన్‌లో సైంటాలజీ చర్చి నమోదయింది. 1967లో హబ్బర్డ్ గారు పై మెట్టు శిష్యులకు మాత్రమే చెప్పిన బోధలో, ఏడున్నర కోట్ల ఏళ్ళ నాటి జీను అనే గ్రహాంతర పాలకుడు, అగ్నిపర్వతాలు, హైడ్రోజన్ బాంబులు ఉన్నాయి. 1985లో ఒక కోర్టు వ్యాజ్యంలో అది బయటపడింది. 1986లో ఆయన కన్నుమూశారు. 1993లో అమెరికా పన్నుల శాఖ ఆ చర్చికి మత సంస్థగా పన్ను మినహాయింపు ఇచ్చింది.

వింత కథలున్నాయని ఒక మతాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. మన పుష్పకం కూడా ఆకాశంలో ఎగిరిందే. కానీ పుష్పకం ఎక్కి ఎవరూ నూవార్క్ విమానాశ్రయానికి టికెట్ అడగరు. కథ కథగా ఉన్నంతసేపు ఆనందం, నమ్మకంగా ఉంటే ఎవరి ఇష్టం వారిది. అది డాక్టరు కుర్చీలో కూర్చుంటే మాత్రం రుజువు అడగాలి. గుంటూరులో చదివి వచ్చిన మమ్మల్ని ఈ దేశం మళ్ళీ పరీక్షలు రాయించి, రెసిడెన్సీ చేయించి గాని రోగిని ముట్టనివ్వలేదు. అప్పుడు విసుక్కున్నాం, ఇప్పుడు ఆ అడ్డుగోడ విలువ తెలిసింది.

మరుసటి ఆదివారం అబ్బాయికి ఇదంతా చెప్పాం. విని, “అది కాదంకుల్, మూడు నెలలుగా రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆ పుస్తకంలో ఒకరు గంటలకొద్దీ మన మాట వింటారట” అన్నాడు. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, “నలుగురికీ తెలిస్తే అమ్మ తలెత్తుకోలేదు” అన్నాడు.

మా నోట మాట రాలేదు. ఎన్నో విందుల్లో ఆ పిల్లవాణ్ణి మార్కులు అడిగాం, నిద్ర అడగలేదు. ఆ సాయంత్రం తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాం. అబ్బాయి ఇప్పుడు మానసిక వైద్యులను కలుస్తున్నాడు. వారి అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఇది రాస్తున్నాం. ఈ శనివారం భోజనాల దగ్గర మీ పిల్లలను కూడా ఒక్క మాట అడిగి చూడండి.