కోతి వేషానికి మేయర్ కుర్చీ

లండన్‌కు మేయర్లు ఇద్దరు. బంగారు బండిలో ఊరేగే లార్డ్ మేయర్ పదవి ఎనిమిది శతాబ్దాల నాటిది. హోదా ఘనమే కానీ ఏలుబడి నగరం నడిబొడ్డున చదరపు మైలు మేరకే, అదీ ఏడాది పాటు. జనం నేరుగా ఎన్నుకునే మేయర్ పదవి మాత్రం నిన్నమొన్నటిది. 1998లో ప్రజాభిప్రాయం అడిగితే 72 శాతం ఔనన్నారు, 2000లో తొలి ఎన్నిక జరిగింది.

ఆ తొలి ఎన్నికే లేబర్ పార్టీకి చుక్కలు చూపించింది. ఆ పార్టీ టికెట్ నిరాకరించడంతో కెన్ లివింగ్‌స్టన్ ఇండిపెండెంట్‌గా దిగారు. పార్టీ వెలి వేసింది. ఆయన గెలిచారు, పార్టీ అభ్యర్థి మూడో స్థానంలో మిగిలారు. 2004లో అదే పార్టీ పిలిచి మరీ టికెట్ ఇచ్చింది. మనకిదేం వింత కాదు లెండి!

అసలు వింత ఇంగ్లండ్‌లోనే ఉన్న హార్టిల్‌పూల్‌ది. నెపోలియన్ యుద్ధాల కాలంలో పగిలిన ఓడ నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరి తీశారని ఆ రేవు ఊరి మీద ఓ కథ ఉంది. అందుకే అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు కోతి బొమ్మే గుర్తు. మైదానంలో ఆ కోతి వేషం కట్టే స్టువర్ట్ డ్రమండ్ 2002లో మేయర్ పదవికి నిలబడ్డారు. ఆయన హామీ: బడిపిల్లలకు ఉచితంగా అరటిపళ్లు. గెలిచారు! వేషం విప్పి, సూటు తొడిగి పనిలో దిగారు. నవ్వులాటకు ఒకసారి ఓటేశారనుకున్నా, 2005లోనూ 2009లోనూ మళ్లీ ఆయన్నే గెలిపించారే! చివరికి 2012లో జనమే ఓటేసి ఆ పదవినే ఎత్తేశారు.

బ్రిస్టల్‌లో జనం నేరుగా ఎన్నుకున్న తొలి మేయర్ జార్జ్ ఫెర్గూసన్ తన జీతం మొత్తాన్ని ఆ ఊళ్లోనే చెల్లే బ్రిస్టల్ పౌండ్లలో తీసుకున్నారు.

ఇక జనం ఎన్నుకున్న లండన్ మేయర్‌ను అవిశ్వాస తీర్మానంతో దించే వీల్లేదు. ఆయన బడ్జెట్‌ను సవరించాలంటే 25 మంది సభ్యుల అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది కలవాలి. నగర రవాణా సంస్థ బోర్డుకూ మేయరే అధ్యక్షుడు. 2016లో గెలిచిన సాదిక్ ఖాన్ తండ్రి లండన్ బస్సు డ్రైవరు. ఇప్పుడు ఆ బస్సులన్నీ కొడుకు అజమాయిషీలోనే!

జనమే మేయర్‌ను ఎన్నుకునే ఈ ముచ్చట మనకూ తెలుసు. 2000లో పంచుమర్తి అనూరాధ 26 ఏళ్లకే విజయవాడ మేయరయ్యారు, 2002లో తీగల కృష్ణారెడ్డి హైదరాబాద్ మేయరయ్యారు. ఇద్దరివీ ప్రత్యక్ష ఎన్నికలే. ఇప్పుడైతే కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. ఎక్స్ అఫీషియో హోదాలో ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా చేయెత్తుతారు.

మళ్లీ లండన్‌కే వస్తే, అక్కడ మేయర్ పదవికి పోటీ చేయాలంటే డిపాజిట్ 10,000 పౌండ్లు. 5 శాతం ఓట్లు రాకపోతే గల్లంతే. 2024లో నెత్తిన చెత్తబుట్ట పెట్టుకుని, కౌంట్ బిన్‌ఫేస్ పేరుతో పోటీచేసిన హాస్యగాడికి 24 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. వలసలను వ్యతిరేకించే బ్రిటన్ ఫస్ట్ పార్టీ అభ్యర్థి కంటే ఎక్కువే. డిపాజిట్ మాత్రం దక్కలేదు.