న్యూయార్క్‌లో ‘గార్డెన్ లెవెల్’ ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? డిపాజిట్ కట్టే ముందు ఇవి చూడండి

బ్రూక్లిన్‌లోనో, హార్లెమ్‌లోనో వందేళ్లు దాటిన బ్రౌన్‌స్టోన్ ఇల్లు. ముందు ఎత్తయిన మెట్లు, వాటి కింద వేరే గుమ్మం, వెనక చిన్న పెరడు. ‘గార్డెన్ లెవెల్ అపార్ట్‌మెంట్’ అని ఆన్‌లైన్‌లో ప్రకటన. పై అంతస్తుల కంటే అద్దె కాస్త తక్కువ. చదువుకో, ఉద్యోగానికో వెళ్తూ ఫొటోలు చూసి ఇక్కడి నుంచే డబ్బు పంపుదామనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

గార్డెన్ లెవెల్ అంటే ఏమిటి?

అది బ్రోకర్లు వాడే మాట. నగర నిబంధనల్లో అసలు తేడా బేస్‌మెంట్‌కు, సెల్లార్‌కు మధ్యే ఉంటుంది. ఆ అంతస్తు ఎత్తులో కనీసం సగం రోడ్డు మట్టానికి పైన ఉంటే బేస్‌మెంట్. సగానికి మించి కిందికి ఉంటే సెల్లార్. మన హైదరాబాద్‌లో సెల్లార్ అనగానే కార్ల పార్కింగ్ గుర్తొస్తుంది. అక్కడ కూడా సెల్లార్‌ను కాపురానికి అద్దెకివ్వడం సాధారణంగా చట్టవిరుద్ధమే. బేస్‌మెంట్‌కైతే అనుమతి ఉండొచ్చు, లేకపోనూవచ్చు.

ఎందుకంత జాగ్రత్త?

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను ప్రభావంతో సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. నగరంలో 13 మంది చనిపోతే, వారిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవారే. ప్రాణాపాయం సంగతి అలా ఉంచితే, అనుమతి లేని ఇంటిని ఖాళీ చేయమని అధికారులు ఆదేశిస్తే అప్పటికప్పుడు సామాన్లు సర్దుకోవాల్సింది కూడా అద్దెకున్నవాళ్లే.

ఎలా తెలుసుకోవాలి?

నగర బిల్డింగ్స్ విభాగం వెబ్‌సైట్‌లో ఇంటి చిరునామా కొట్టి ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ’ చూడండి. ఏ అంతస్తును దేనికి వాడుకోవచ్చో అందులో ఉంటుంది. 1938కి ముందు కట్టిన ఇళ్లలో చాలావాటికి ఈ పత్రం ఉండదు. అలాంటప్పుడు ‘లెటర్ ఆఫ్ నో అబ్జెక్షన్’ ఉందేమో ఓనర్‌ను అడగండి. ఏ కాగితమూ చూపించకపోతే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది.

ఇల్లు చూసేటప్పుడు...

స్వయంగా వెళ్లలేకపోతే అక్కడున్న స్నేహితులను పంపండి, లేదా వీడియో కాల్‌లో చూపించమనండి.

• పడుకునే గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉందా?
• కిటికీకి ఇనుప గ్రిల్ ఉంటే, తాళం చెవి లేకుండా లోపలి నుంచి తీయగలరా?
• ముందు గుమ్మం మూసుకుపోతే పెరటి వైపు నుంచి బయటపడే దారి ఉందా?
• గోడల అడుగున చెమ్మ, నీటి మరకలు, కొత్తగా వేసిన రంగు కనిపిస్తున్నాయా?

గతంలో వరద నీటితో ఇల్లు దెబ్బతిన్నదీ లేనిదీ అద్దె ఒప్పందంలోనే చెప్పాలని న్యూయార్క్ రాష్ట్రంలో 2023 జూన్ నుంచి నిబంధన ఉంది. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు.

డబ్బు ఎంత అడగొచ్చు?

డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. క్రెడిట్ హిస్టరీ లేదన్న సాకుతో మూడు, నాలుగు నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం కూడా 2019 చట్టం ప్రకారం కుదరదు. దరఖాస్తు, బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ పేరుతో 20 డాలర్లకు మించి తీసుకోకూడదు. 2025 జూన్ 11 నుంచి నగరంలో బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే కమీషన్ వాళ్లదే. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కు మీరు చెల్లించనక్కర్లేదు. ఖాళీ చేశాక 14 రోజుల్లోగా డిపాజిట్ తిరిగివ్వాలి. కోత పెడితే దేనికెంతో రాసివ్వాలి.

చలికాలంలో...

కింది అంతస్తులో చలి ఎక్కువే. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే పగలు ఇంట్లో కనీసం 68 డిగ్రీలు ఉండేలా ఓనర్ చూడాలి. రాత్రి కనీసం 62 డిగ్రీలు ఉండాలి. హీటర్ పనిచేయకపోతే ముందు ఓనర్‌కు మెసేజ్ పెట్టండి. అప్పటికీ పట్టించుకోకపోతే 311కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

గుర్తుంచుకోండి: ముందు కాగితం, తర్వాత ఇల్లు, చివరగా డబ్బు. ‘ఇవాళే పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం’ అని తొందరపెట్టినా ఈ వరస మార్చొద్దు.