మీకు తెలుసా? ఈ స్పోర్ట్స్ కారు ఇంజిన్ మన అంబాసిడర్‌కు చుట్టం

ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఇంజిన్, మన పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌కు దగ్గరి చుట్టం. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి బి-సిరీస్ కుటుంబమే. అంబాసిడర్‌ది 1,489 సీసీ, ఎం.జి.బి.ది 1,798 సీసీ.

కొత్తలో ఎం.జి.బి. ఇంజిన్ సత్తా సుమారు 95 హార్స్‌పవర్. అమెరికా పొగ నిబంధనల కోసం 1975లో జంట కార్బురేటర్లు తీసేసి ఒక్కటే బిగించేసరికి, అక్కడి కార్లలో అది 70 లోపుకు పడిపోయింది! అందుకే అలాంటి కారు కొన్నవాళ్లు చాలామంది ముందు మొదట్లో ఉండే జంట ఎస్.యు. బ్రాండు కార్బురేటర్ల కోసం వెతుకుతారు.

అయితే అరిగిన ఇంజిన్‌కు మొదట కంప్రెషన్ చూడాలి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలో గేజ్ పెట్టి స్టార్టర్ తిప్పుతారు. రీడింగ్ తక్కువొస్తే అదే రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పుతారు. ఈసారి పెరిగిందా, పిస్టన్ రింగులో బోరో అరిగినట్టు. పెరగలేదా, లోపం చాలావరకు వాల్వుల దగ్గరే. ఇంజిన్ విప్పకుండానే రోగం పట్టించే అద్భుతమైన పరీక్ష ఇది.

ఇక ఇంజిన్ బాగున్నా, దాని సత్తాను ఆపే అసలు ఇరుకంతా సిలిండర్ హెడ్‌లో ఉంది. నాలుగు సిలిండర్లకు గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారులు రెండే. నేర్పున్న మెకానిక్ వాటిని సాపు చేసి కాస్త వెడల్పు చేస్తే ఇంజిన్‌కు ఊపిరి ఆడుతుంది, పికప్ పెరుగుతుంది.

రింగులు పోయిన ఇంజిన్‌కు ఖరీదైన కార్బురేటర్లు పెట్టడం డబ్బు దండగ. ముందు బోరు, రింగులు, వాల్వుల పని చేయించాలి.