గాలిమరలు వానను తోలేస్తాయా? దక్షిణాదిలో పవన విద్యుత్ క్షేత్రాలు



అనంతపురం ప్రాంతంలోని బడుల్లో, కాలేజీల్లో గాలి శక్తి గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, ఈ ఫ్యాన్లు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో వానలు తగ్గాయి. మేఘాలను ఇవే తోలేస్తున్నాయని మా నాయన అంటాడు. నిజమేనా?"

మొదట్లో నాకు నవ్వు వచ్చేది. తరువాత ఆలోచిస్తే, అది నవ్వి తీసేయాల్సిన ప్రశ్న కాదనిపించింది. ఆ రైతు కళ్లారా చూసింది తప్పు కాదు. గాలిమరలు జోరుగా తిరిగే రోజుల్లో మబ్బులు నిలవకుండా పరుగెత్తిపోతాయి. మరలు ఆగి ఉన్న రోజుల్లో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, వాన పడుతుంది. ఇది ఏటా జరిగేదే. తప్పు చూపులో లేదు, కారణం చెప్పడంలో ఉంది. అది ఎలాగో తెలిస్తే దక్షిణ భారతంలో పవన విద్యుత్ క్షేత్రాలు ఎక్కడ, ఎందుకు పుట్టాయో కూడా తెలుస్తుంది. ఈ పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెడదాం.

వానచాటు సీమ

జూన్ వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలను తాకుతాయి. కొండ అడ్డం వచ్చిన గాలి పైకి ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, అందులోని తేమ వానగా కురుస్తుంది. కేరళ, కొంకణ తీరాలు తడిసి ముద్దయ్యేది అందుకే. కొండ దాటి ఇవతలికి దిగేసరికి గాలి మిగులుతుంది కానీ తేమ అంతగా మిగలదు. పైగా దిగే గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో మబ్బు కట్టడం కష్టం. ఇలా కొండకు ఇవతలి పక్కన పడిన ప్రాంతాన్ని వానచాటు ప్రాంతం అంటాం. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆషాఢ, శ్రావణాల్లో వీచే పడమటి గాలికి మాత్రం అక్కడ కొదవ లేదు.

గాలిమరలు పెట్టేవాళ్లు గాలి ఉన్నచోటునే వెతుక్కుంటారు కదా! ఈ సీమలో గాలి బాగా ఉన్నచోటు, వాన లేనిచోటు చాలావరకు ఒకటే. రెండింటికీ మూలం ఆ పడమటి కనుమలు. రెండు సంగతులు జంటగా కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

ఇక యంత్రం సంగతి. మన ఇంట్లోని ఫ్యాను కరెంటు తీసుకుని గాలినిస్తుంది. గాలిమర గాలిని తీసుకుని కరెంటునిస్తుంది. అంటే అది గాలిని తోసేది కాదు, ఆపేది. దాని వెనక పక్కన నిలబడి కొలిస్తే గాలి వేగం తగ్గి ఉంటుంది. రెక్క కొస నేల నుంచి సుమారు 150-200 మీటర్ల ఎత్తుకు వెళుతుంది. వాన మబ్బుల అడుగు సాధారణంగా అంతకన్నా ఎంతో పైన ఉంటుంది, ఆ మబ్బులు కిలోమీటర్ల మందాన పైకి లేచి ఉంటాయి. మరల వెనక గాలి సుళ్లు తిరగడం వల్ల నేలకు దగ్గరలో, ముఖ్యంగా రాత్రిళ్లు, ఉష్ణోగ్రత కొద్దిగా మారుతుందని కొలతల్లో తేలింది. ఆ మాట దాచనక్కరలేదు. కానీ రుతుపవనాన్ని మళ్లించే బలం వాటికి లేదు.

వేగంలో ఉంది కిటుకు

పంట నూర్చాక కళ్లంలో తూర్పారబట్టే రైతు గాలి కోసం కాచుకుని కూర్చోవడం మీలో కొందరైనా చూసి ఉంటారు. మెల్లని గాలికి పొట్టు పక్కనే పడుతుంది, కాస్త గాలి ఊపందుకుంటే దూరంగా ఎగిరిపోతుంది. గాలి 'కాస్త' పెరిగితే ఎంత తేడా వస్తుందో భౌతికశాస్త్రం లెక్కగా చెబుతుంది. ఒక చదరపు మీటరు గుండా వెళ్లే గాలిలోని సామర్థ్యం, గాలి సాంద్రతలో సగాన్ని వేగం యొక్క ఘనంతో గుణిస్తే వస్తుంది. సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకుందాం. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వీస్తే చదరపు మీటరుకు 38 వాట్లు. వేగం 8 మీటర్లయితే 307 వాట్లు. వేగం రెండింతలైతే సామర్థ్యం ఎనిమిదింతలయింది. వేగం 6 నుంచి 7కు పెరిగినా చాలు, సామర్థ్యం దాదాపు 59 శాతం పెరుగుతుంది. అందుకే ఒక కొండకూ పక్క కొండకూ మధ్య కనబడీ కనబడని తేడా లాభనష్టాలను తేల్చేస్తుంది.

ఈ సామర్థ్యాన్నంతా మనం పట్టుకోలేం. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు. గరిష్ఠంగా 59.3 శాతం మాత్రమే రాబట్టగలమని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1919లో లెక్కకట్టాడు. నిజ జీవితంలో 40 శాతం వస్తే మంచి యంత్రమే. రెక్కలు తిరిగే వలయం 120 మీటర్ల వ్యాసం ఉంటే వైశాల్యం సుమారు 11,300 చదరపు మీటర్లు. సెకనుకు 8 మీటర్ల గాలికి, 40 శాతం లెక్కన, అది దాదాపు 1.4 మెగావాట్లు ఇస్తుంది. మీరే గుణించి చూడండి.

ఎత్తు మాటేమిటి? నేల దగ్గర చెట్లు, ఇళ్లు, గుట్టలు గాలిని పట్టి లాగుతాయి. పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. చదునైన నేలకు వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ప్రకారం 30 మీటర్ల ఎత్తు నుంచి 120 మీటర్లకు వెళితే వేగం 22 శాతం పెరుగుతుంది. దాన్ని ఘనం చేస్తే సామర్థ్యం 80 శాతం ఎక్కువ. స్తంభాలు ఏటేటా ఎత్తు పెరుగుతున్నది సోకు కోసం కాదని అర్థమైంది కదా.

గాలిని కొలిచిన మనిషి

1980లకు ముందు మన దేశంలో గాలి వివరాలు ప్రధానంగా వాతావరణ కేంద్రాల నుంచి, విమానాశ్రయాల నుంచి వచ్చేవి. విమానాశ్రయాన్ని గాలి ఉధృతం ఉన్నచోట ఎవరూ కట్టరు! ఆ లోటు తీర్చడానికి పూనుకున్న వారిలో అన్నా మణి ముఖ్యులు. 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టిన ఆమె బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర వజ్రాలు, కెంపుల మీద పరిశోధన చేశారు. తరువాత భారత వాతావరణ శాఖలో చేరి, కొలత పరికరాలను దేశంలోనే తయారు చేయించి, డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా 1976లో పదవీ విరమణ చేశారు. అసలు సంగతేమిటంటే, గాలి మీద ఆమె పెద్ద పని పదవీ విరమణ తరువాతే జరిగింది. దేశంలోని గాలి వివరాల సంపుటాలు 1983 నుంచి వెలువడ్డాయి. ఏ కనుమలో ఏ నెలలో గాలి ఎంత అన్నది అంకెల్లో ఉంటే తప్ప బ్యాంకు అప్పు ఇవ్వదు, ఇంజనీరు స్తంభం నాటడు. ఆ అంకెలు అలా చేతికొచ్చాయి. ఆమె 2001లో కన్నుమూశారు.

1986లో తమిళనాడులోని తూత్తుకుడి, గుజరాత్‌లోని ఓఖా, మహారాష్ట్రలోని రత్నగిరి వంటి తీరప్రాంతాల్లో 55 కిలోవాట్ల చిన్న యంత్రాలతో మొదటి ప్రదర్శన క్షేత్రాలు వెలిశాయి. ఒక మోస్తరు నేటి యంత్రం ఒక్కటే అలాంటివాటిని యాభైకి పైగా కలిపిన దానితో సమానం.

కనుమల దారిలో

పడమటి కనుమల గోడ అక్కడక్కడా తెగి ఉంటుంది. పాలక్కాడ్ దగ్గర సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున తెగింది. ఇంకా దక్షిణాన సెంగోట్టై కనుమ, కన్యాకుమారి దగ్గర ఆరల్వాయ్‌మొళి కనుమ ఉన్నాయి. తలుపులన్నీ మూసి ఒక్క కిటికీ తెరిస్తే ఆ కిటికీలోంచి గాలి ఎలా దూసుకొస్తుందో, రుతుపవనం ఈ సందుల్లోంచి అలా దూసుకొస్తుంది. ఆరల్వాయ్‌మొళి దగ్గరి ముప్పందల్ దేశంలోకెల్లా పేరుపడ్డ పవన విద్యుత్ క్షేత్రం అయింది అందుకే. అక్కడి యంత్రాల మొత్తం సామర్థ్యం దాదాపు 1,500 మెగావాట్లు.

గాలి ఒక్కటే అన్నీ చేయలేదు. 1990లలో గాలిమర పెట్టిన కంపెనీ తన పెట్టుబడి మొత్తాన్నీ మొదటి ఏడాదే తరుగుదలగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకునే వీలుండేది. మిల్లుల యజమానులు అందుకోసం పోటీపడి యంత్రాలు కొన్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ రాయితీ స్తంభం నాటినందుకు వచ్చేది, కరెంటు తీసినందుకు కాదు. కరెంటు లెక్కన యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం 2009 చివర్లో గానీ రాలేదు. ఇప్పుడు చూస్తే దేశంలో మేలైన గాలి ఉన్న చోట్లను ఆనాటి చిన్న, పొట్టి యంత్రాలు ఆక్రమించుకుని కూర్చున్నాయి. వాటిని తీసి పెద్దవి పెట్టడానికి కేంద్రం 2016లో ఒక విధానం, 2023లో సవరించిన విధానం తెచ్చింది. పని మాత్రం నెమ్మదిగా సాగుతోంది. ఒక్కో యంత్రం ఒక్కొక్కరిది, కింది నేల ఇంకొకరిది, తీగలు మరొకరివి. పెద్ద యంత్రాల మధ్య కనీసం ఐదు వ్యాసాల దూరం, అంటే 120 మీటర్ల వలయానికి 600 మీటర్లు, వదలాలి. పది మంది యజమానులు కలిస్తే తప్ప ఒక్క కొత్త స్తంభానికి చోటు దొరకదు.

గాలి ఎక్కువైతే?

2 మెగావాట్ల యంత్రం ఏడాదిలోని 8,760 గంటలూ పూర్తిగా తిరిగితే 1 కోటి 75 లక్షల యూనిట్లు రావాలి. వచ్చేది అందులో పావు వంతు, సుమారు 44 లక్షల యూనిట్లు. ఆ పావు కూడా ఏడాది పొడవునా సమంగా రాదు. ఎక్కువ భాగం మే చివరి నుంచి సెప్టెంబరు లోపే. 2012 ప్రాంతంలో తమిళనాడు ఈ చిక్కును రెండు పక్కలా అనుభవించింది. గాలి లేని నెలల్లో గంటల తరబడి కోతలు. గాలి బాగా వీచే వేళల్లో, తీగలు మోయలేక, కొన్ని యంత్రాలను ఆపమని ఆదేశాలు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను దాన్ని కలిపింది. ఆ తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు వేసిన 800 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ లైను కరెంటును రెండు దిక్కులా మోయగలదు. గాలికాలంలో దక్షిణం నుంచి ఉత్తరానికి పంపవచ్చు.

మళ్లీ రాయలసీమకు

తిరుమల వెళ్లినవాళ్లు కాకులకొండ మీద తిరిగే గాలిమరలు చూసే ఉంటారు. ఒకప్పుడు బంగారు గనులకు పేరుపడ్డ రామగిరిలో, తాడిపత్రి వైపున కడవకల్లులో 1990ల నుంచే యంత్రాలు ఉన్నాయి. అసలు ఊపు 2014 తరువాత వచ్చింది. 2014 మార్చికి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మెగావాట్లు కూడా లేవు, 2018 నాటికి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 4 వేలకు చేరువయ్యాయి. తరువాత ఆ అంకె 4,100 దగ్గర ఆగిపోయింది. కారణం గాలి కాదు, ధర. యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు పైగా ఇస్తామని కుదుర్చుకున్న ఒప్పందాలు ఉన్నాయి. 2017లో వేలం పద్ధతి వచ్చాక దేశంలో ధర ఫిబ్రవరిలో 3.46కు, డిసెంబరులో 2.43కు పడిపోయింది. పాత ధరలను తిరగదోడడానికి రాష్ట్ర ప్రభుత్వం 2019 జులైలో కమిటీ వేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం చెప్పింది. జనం సొమ్ము ఆదా చేయాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ పాతికేళ్ల ఒప్పందాన్ని నడిమధ్యలో కదిపితే కొత్తగా అప్పిచ్చేవాడు ముందుకు రాడు. 2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త శుద్ధ ఇంధన విధానం ప్రకటించింది.

నేల సంగతి ఒకటి చెప్పాలి. చెన్నేకొత్తపల్లి పరిసరాల్లోని కల్పవల్లి అడవి రికార్డుల్లో బంజరు. ఊళ్లవాళ్లు 1990ల మొదటి నుంచి కాపాడుకుంటూ వచ్చి వేల ఎకరాల్లో పచ్చదనం తెచ్చారు. మేకలు, గొర్రెలు మేసేది, బోదగడ్డి కోసుకునేది అక్కడే. 2010 తరువాత అక్కడి కొండల మీద నల్లకొండ పవన విద్యుత్ క్షేత్రం వచ్చింది. ఒక్కో యంత్రం కూర్చునే చోటు చిన్నదే. కానీ అంత పొడుగు రెక్కను మోసుకొచ్చే లారీ మలుపు తిరగాలంటే కొండను తొలిచి వెడల్పాటి రోడ్డు వేయాలి. చెట్లు పోయాయి, వాగుల దారులు చెదిరాయి అని ఊళ్లవాళ్లు ఫిర్యాదు చేశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పొగరాని కరెంటు కాబట్టి పర్యావరణ ప్రభావ అంచనా అక్కరలేదన్నది మన దేశంలోని నిబంధన. నా మటుకు నాకు అది సరైనదనిపించదు. "మేఘాలను తోలేస్తున్నాయి" అన్న రైతు మాట వెనుక ఇలాంటి కోపం కూడా కొంత ఉంటుంది. తన కొండ మీద తనను అడగకుండా వచ్చిన యంత్రం అది, దాని కరెంటు ఎక్కడికి పోతుందో అతనికి తెలియదు.

2025 మార్చి చివరికి దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. గుజరాత్ తమిళనాడును దాటి మొదటి స్థానానికి వచ్చింది.

ఇంటి దగ్గర చేయదగ్గ పని ఒకటి. దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ కేంద్రం రోజువారీ నివేదికలను ప్రచురిస్తుంది. జులైలో ఒక వారం, నవంబరులో ఒక వారం తీసుకుని, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పవన విద్యుత్ యూనిట్లను గ్రాఫు కాగితం మీద గుర్తించండి. దాని పక్కనే మీ మండలంలో ఆ వారాల్లో కురిసిన వాన కూడా రాసుకోండి.